ఆ పుండు పాతదేనా?

హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల వార్డు. కిటికీ పక్క మంచం మీద దుప్పటికి బదులు అరిటాకులు పరిచారు. పెంఫిగస్ అనే చర్మవ్యాధిలో ఒంటిమీది పొక్కులు చిట్లి పచ్చిపుండ్లవుతాయి. గుడ్డ పరిస్తే అతుక్కుపోయి, లేచేటప్పుడు చర్మం ఊడొస్తుంది. ఆకు అంటుకోదు. సిస్టర్ ఆకు అంచు పట్టుకుని జరిపింది, పడుకున్నాయన మూలగలేదు.

చర్మకణాలను అతికి ఉంచే ప్రొటీన్ల మీద మన రక్షణ వ్యవస్థే దాడి చేయడం ఈ జబ్బు. స్టెరాయిడ్లు రాకముందు ఇది వస్తే చాలామంది బతికేవారు కాదు. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ పస్రిచా నెలనెలా మూడు రోజులు డెక్సామెథసోన్ డ్రిప్‌లో ఎక్కించే చికిత్స తెచ్చారు. ఇప్పుడు రిటుక్సిమాబ్ కూడా ఉంది.

ఓపీలో నల్గొండ నుంచి వచ్చిన ఒకావిడ ఇదే జబ్బుకు, రక్షణ వ్యవస్థను అణిచే అజథయోప్రిన్‌ను ఏళ్లుగా వాడుతోంది. డాక్టరమ్మ ఆమె జుట్టు పాయలు తీసి మాడు చూసింది, చెవుల వెనక చూసింది, చెప్పులు విప్పించి అరికాళ్లూ చూసింది. ఎండలో జాగ్రత్త అంది.

"ఎండకు పోకుంటే ఎట్ల బిడ్డా, పత్తి ఎవరు ఏరుతరు?"

"పోవద్దంటలేను పెద్దమ్మా. మీ ఆయన నిండు చేతుల అంగీ తొడుక్కొని పో. తలకు కొంగు చుట్టుకో."

ఆ మందు ఒంట్లో కరిగాక దాని అంశ చర్మకణాల డీఎన్ఏలో చేరి, ఎండలోని అతినీలలోహిత కిరణాలకు వాటిని మరింత లోబరుస్తుంది. దారితప్పిన కణాలను ఏరిపారేసే రక్షణశక్తీ మందులతో మందగిస్తుంది. కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇలాంటి మందులు వాడే తెల్లజాతివారిలో చర్మ క్యాన్సర్ ముప్పు బాగా కనబడింది. మన చామనఛాయ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. పైగా మనవాళ్లలో చర్మ క్యాన్సర్ ఎండ తగలని అరికాళ్లలోనూ, మానని పాతగాయాల్లోనూ పుడుతుంది. నాకు భయం కలిగించింది ఇదే: ఎప్పుడూ పుండ్లతో ఉండే మనిషికి కొత్త పుండు లేస్తే, అదీ పాత జబ్బేనని ఇంటిల్లిపాదీ ఊరుకుంటారు.

అలాగని భయపడి మందు మానొద్దు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో ఈ మందులు వాడేవారుంటే, నెల దాటినా మానని పుండునో, గట్టిపడి పెరుగుతున్న కాయనో చర్మ వైద్యులకు చూపించండి. చిన్న ముక్క తీసి పరీక్ష చేయమని మీరే అడగండి.