పసికందును ప్రశ్నించడమెలా?

మాటలు రాని శిశువు మనసును చదవడమెలా? పదవీ విరమణ తరువాత ఈ పరిశోధనా పద్ధతులను అభ్యసించసాగాను.

1992లో కారెన్ విన్ అయిదు నెలల పిల్లలకు ఒక బొమ్మను చూపి, తెర అడ్డుపెట్టి, వారు చూస్తుండగానే వెనుక మరొకటి చేర్చారు. తెర తొలగించాక ఒక్కటే కనబడితే, రెండు కనబడినప్పటికన్నా ఎక్కువసేపు చూశారు. ఆ చూపు నిడివే జవాబు! అది లెక్క తెలియడమేనా అన్న వాదం వేరు.

నన్ను ఆకట్టుకున్నది మరొకటి. ఇటువంటి ప్రయోగాలలో బిడ్డను ఒడిలో ఉంచుకున్న తల్లిని తరచుగా కళ్ళు మూసుకోమంటారు. ఆమె ఆశ బిడ్డ చూపును మళ్ళించవచ్చు. చూపును కొలిచేవారికీ తెర వెనుక ఏముందో తెలియనీయరు. ఏడ్చిన శిశువును లెక్కలోంచి తీసివేసే నియమాన్ని ఫలితం చూడకముందే రాసుకోవాలి.

ఇవన్నీ అనేక శిశువుల సగటులు. ఇంట్లో బొమ్మలతో మీ బిడ్డ తెలివిని తూచకండి. చప్పుళ్ళకు స్పందించకుంటే మాత్రం వెంటనే వైద్యునికి చూపించండి.