రామప్ప చూరు కింద తలెత్తి నిలబడండి!

రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లు మూస్తే చాలు, చూరు కింద నుంచి ఆ నల్లటి పిల్ల నడుము వంచి నా వైపే చూస్తోంది!

పుట్టింది హనుమకొండలో, పెరిగింది హనుమకొండలో. వేయి స్తంభాల గుడి అరుగుల మీద ఆడుకున్నాను. ఖిలా వరంగల్ తోరణాల కింద ఫొటోలు దిగాను. రెండేళ్లకోసారి మేడారం జాతరకు ములుగు మీదుగా పోతూనే ఉన్నాను. జంగాలపల్లి దగ్గర పాలంపేటకు చీలే దారి ఎన్నిసార్లు దాటానో! ఒక్కసారంటే ఒక్కసారి కూడా బండి అటు తిప్పలేదు. పక్కనే ఉన్న గుడే కదా, ఎప్పుడైనా పోవచ్చులే అనుకున్నాను. రామప్ప గుడి అంటే రాముడి గుడి అనుకున్నాను కూడా! మొన్న ఆదివారం పొద్దున దాకా నాకు తెలిసింది అంతే.

మా అక్క కూతురు డాన్స్ నేర్చుకుంటోంది. "మామా, మా టీచర్ రామప్ప చూసి రమ్మంది, తీసుకుపో" అని వారం రోజులు పోరింది. సరే పదమన్నాను. దాదాపు 65 కిలోమీటర్లు. టిఫిన్ వేళకే పాలంపేటలో ఉన్నాం.

ఏం చెప్పమంటారు! ముందు ఎర్రగా కనిపిస్తుంది గుడి. ఎర్ర ఇసుకరాయి. పొద్దుటి ఎండ పడితే కాల్చిన ఇటుక రంగు, నీడ పడితే కుంకుమ రంగు! ఆరడుగుల ఎత్తు అరుగు మీద, నక్షత్రం మూలల్లా మలుపులు తిరుగుతూ నిలబడింది. చుట్టూ బారులు తీరిన చిన్న చిన్న ఏనుగులు. అబ్బ, బాగుందే అనుకుంటూ మెట్లెక్కాను.

అప్పుడు తలెత్తాను.

అంతే! కాళ్లు అక్కడే ఆగిపోయాయి!

ఎర్రటి గుడికి నల్లటి అమ్మాయిలు! స్తంభానికీ చూరుకూ మధ్య ఏటవాలుగా, గాలిలోకి వంగి, ఇప్పుడే అడుగు వేసి ఆగినట్టు, ఇంకో క్షణంలో తాళం అందుకుని మళ్లీ కదిలిపోతారేమో అన్నట్టు! నున్నగా, నిగనిగలాడుతూ, నూనె రాసుకుని వచ్చినట్టు! తూర్పు, దక్షిణం, ఉత్తరం, మూడు వాకిళ్లు. ఒక్కో వాకిలికి నలుగురు. మొత్తం 12 మంది. మదనికలు అంటారట. ఆ మాట కూడా నేను మొదటిసారి విన్నది అక్కడే!

ఒకామె ఒంటికి పాము చుట్టుకుని ఉంది. నాగిని అన్నాడు గైడు. ముఖంలో భయం లేదు, బెదురు లేదు! ఇంకొకామె మద్దెల వాయిస్తోంది. వేళ్లు చూడండి, ఒక్కో వేలు విడివిడిగా! మరొకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు! నిజంగా చెప్పులే! "సార్, హైహీల్స్ ఇప్పుడొచ్చినవి అనుకుంటాం కదా, 800 ఏళ్ల కిందటే ఉన్నయి" అని గైడు నవ్వాడు. ఆయన ఈ మాట రోజూ ఎంతమందితో అంటాడో, నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, వీళ్లు దేవతలు కారు! చేతుల్లో శంఖం లేదు, చక్రం లేదు, అభయమిచ్చే హస్తం లేదు. రెండే చేతులున్న మనుషులు! కొప్పు ముడుచుకున్న ఆడవాళ్లు, గజ్జె కట్టినవాళ్లు, వేటకు బయల్దేరినవాళ్లు. దేవుడి గుమ్మం మీద, అందరికంటే ముందు కంటపడే చోట, మనిషి ఒంటిని, మనిషి నేర్చిన విద్యను నిలబెట్టారు! ఎంత గౌరవం! నాకు కళ్లు చెమర్చాయి.

మా పిల్ల ఊరుకుంటుందా? ఒక మదనిక కింద అదే భంగిమలో నిలబడింది. మడమ ఎత్తింది, నడుము ఒక పక్కకు, భుజాలు ఇంకో పక్కకు, తల మళ్లీ నడుము వైపుకు. త్రిభంగి అంటారట. నేను లెక్కపెడుతున్నాను. ముప్పై దాటేసరికి పిక్కలు వణికాయి, నలభైకి కాలు కింద పెట్టేసింది. రొప్పుతూ పైకి చూసి, "మామా, ఈ శిల్పి డాన్స్ చూసి చెక్కలేదు, డాన్స్ వచ్చినోడే చెక్కాడు" అంది. నాకూ అదే నిజమనిపించింది! బరువు ఏ కాలి మీద పడిందో, పడిన పక్క నడుము ఎలా బిగిసిందో, వదులైన పక్క మోకాలు ఎలా సడలిందో, అన్నీ ఉన్నాయి ఆ రాతిలో!

పైగా అది ఏ రాయి? డోలరైట్! గోడల ఇసుకరాయిలా మెత్తగా ఉలికి లొంగే రకం కాదు, ఉక్కులాంటి నల్లరాయి. అందులో కంఠహారం పూసలు, గాజులు, మువ్వలు! లోపలి స్తంభాల మీదైతే సూది మాత్రమే దూరేటంత సన్నటి రంధ్రాలు! దెబ్బ ఒక్కటి గట్టిగా పడితే నెలల పని పోయినట్టే కదా! అద్దంలా తోమిన స్తంభంలో నా ముఖం నీడలా కనిపిస్తే ఉలిక్కిపడ్డాను.

తలుపు పక్కన ఒక చెక్కడం ఉంది. చెట్టు కింద కృష్ణుడు వేణువు ఊదుతుంటాడు. గైడు వేలి కొసతో ఒక్కో చోట మెల్లగా తట్టాడు. నేను చెవి దగ్గరగా పెట్టాను. ఒక్కో చోట ఒక్కో స్వరం! రాయి పలికింది! (మీరు వెళ్తే వినండి గానీ, దయచేసి తట్టకండి. 800 ఏళ్లు బతికిన స్వరం అది.)

ఇదంతా ఎవరు కట్టించారు? రేచర్ల రుద్రుడు. రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడి సేనాని. క్రీ.శ. 1213 నాటి శాసనం గుడి ఆవరణలోనే ఉంది. పని 40 ఏళ్ల దాకా సాగి ఉంటుందంటారు. 40 ఏళ్లు! ఉలి పట్టిన కుర్రవాళ్లు తాతలై ఉంటారు! దేవుడి పేరు రుద్రేశ్వరుడు. కానీ జనం ఆ పేరుతో పిలవరు. రాజు పేరుతో పిలవరు, సేనాని పేరుతోనూ పిలవరు. రామప్ప గుడి అంటారు. రామప్ప అంటే ఈ గుడిని చెక్కిన శిల్పి అని తరతరాలుగా చెప్పుకుంటున్నారు! రాముడు కాదు, ఉలి పట్టిన మనిషి! అది విన్నాక గుడి మెట్ల మీద కూర్చుండిపోయాను. ఇంత గొప్ప కిరీటం ఇంకే కళాకారుడికైనా దక్కిందా? మన పల్లె జనం పెట్టిన కిరీటం!

పునాదిలో రాయి కాదు, ఇసుక నింపారట, నేల కదిలినా గుడి తట్టుకునేలా! శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలతాయట, బరువు తగ్గాలని! ఇంజనీర్లు చూడాల్సిన సంగతులివి. నేను మాత్రం మళ్లీ అమ్మాయిల దగ్గరికే పోయాను.

ఇంటికొచ్చాక తెలిసింది ఇంకో సంగతి. గణపతిదేవుడి దగ్గరే గజసైన్యాన్ని నడిపిన జాయప సేనాని 'నృత్త రత్నావళి' అని నాట్యం మీద ఏకంగా గ్రంథమే రాశాడు! ఏనుగుల దండును నడిపినవాడు అడుగుల గురించి, తాళాల గురించి రాశాడు! మన కాలంలో నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు ఒక చేత్తో ఆ గ్రంథాన్ని, ఇంకో చేత్తో రామప్ప శిల్పాలను పట్టుకుని, మరుగునపడిన పేరిణి నృత్యాన్ని మళ్లీ ఆడించారు. అంటే ఆ రాళ్లలో నాట్యం దాక్కుని ఉంది, ఒక మనిషి వచ్చి లేపేదాకా! మా పిల్ల ఇప్పుడు పేరిణి కూడా నేర్చుకుంటానంటోంది. యోధుల నృత్యమంటారు గానీ, ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారట. నేర్పించకుండా ఉంటానా?

అన్నట్టు నందిని మరిచాను! గుడికి ఎదురుగా, మెడ నిండా గంటల పట్టెడలతో, చెవులు నిక్కించి, పిలిస్తే లేచి వచ్చేలా! నేను ఇటు నడిస్తే ఇటు, అటు నడిస్తే అటు చూస్తున్నట్టే ఉంది. మూడుసార్లు అటూ ఇటూ తిరిగి చూశాను!

2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ గుర్తింపు అందుకున్న మొట్టమొదటి కట్టడం ఇదే. ఆ రోజు టీవీలో వార్త విని సంతోషించి ఛానల్ మార్చిన మనిషిని నేనే! వార్త వినడం వేరు, ఆ చూరు కింద నిలబడటం వేరు.

మీరూ చూడండి! వరంగల్ వాళ్లయితే ఈ ఆదివారమే! పొద్దున్నే వెళ్లండి, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు నడుము మడతలు, నగల అంచులు విడివిడిగా కనిపిస్తాయి. గర్భగుడికి తొందరపడకండి. వాకిట్లో ఆగండి, తలెత్తండి, ఒక్కో మదనిక దగ్గర అయిదు నిమిషాలైనా నిలబడండి. డాన్స్ నేర్చుకునే పిల్లలుంటే తప్పకుండా వెంట తీసుకెళ్లండి. మేడారం పోయేవాళ్లు జంగాలపల్లి దగ్గర బండి అటు తిప్పండి.

మేం వచ్చే ఆదివారం మళ్లీ పోతున్నాం. ఈసారి మా అక్కనూ బావనూ కూడా తీసుకుపోతున్నాం. వాళ్లూ ఇంతవరకూ చూడలేదు!