దించవలసిన చూపు, ఎత్తవలసిన చూపు

2024 వేసవి. ఐపీఎల్ పోటీలు జరుగుతున్న రోజులు. ఆ ఏడాది హైదరాబాద్ జట్టు ఫైనల్ దాకా వెళ్లింది కనుక నగరమంతటా అదే ధ్యాస. ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని కొండాపూర్‌లోని మా వీధిలో నడిచి వస్తున్నాను. టీ కొట్టు గోడకు బిగించిన టీవీ ముందు నలభై యాభై మంది నిలబడి ఉన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, హాస్టల్ కుర్రాళ్లు, డెలివరీ బాయ్‌లు, వాచ్‌మన్లు. వేర్వేరు జిల్లాల వారు, వేర్వేరు మతాల వారు. అందరి కేకా ఒక్కటే.

ఇంతలో ఎదుటి భవనం ముందు పోలీసు వాహనం ఆగింది. కాసేపటికి నలుగురు యువతులను కిందికి తీసుకువచ్చారు. వారు చున్నీలతో ముఖాలు కప్పుకొన్నారు. టీవీ వైపు ఉన్న తలలన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. జేబుల్లోని ఫోన్లు పైకి లేచాయి. ఎవరో ఈల వేశారు. ఒక అమ్మాయి ముసుగు జారింది. ఆమె ముఖం ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో అల్లాహ్‌కే ఎరుక. అవే మెట్ల మీదుగా దిగిన ఇద్దరు మగవారి వైపు మాత్రం ఒక్క ఫోనూ తిరగలేదు. వాహనం కదలగానే జనం మళ్లీ టీవీ వైపు తిరిగారు. ఈలోగా ఎన్ని పరుగులు వచ్చాయని ఒకరినొకరు అడుగుతున్నారు.

నేనేం చేశాను? చూపు దించుకొని ఇంటికి వెళ్లిపోయాను. ధర్మం పాటించానని తృప్తి కూడా పడ్డాను. ఆ తృప్తి ఎక్కువ రోజులు నిలవలేదు.

పాఠకులు నన్ను క్రికెట్ ద్వేషిగా భావించవద్దు. అజహరుద్దీన్ తన మొదటి మూడు టెస్టుల్లోనూ శతకాలు కొట్టినప్పుడు నేను చిన్న పిల్లవాణ్ణి. ట్రాన్సిస్టర్‌కు చెవి ఆనించి వ్యాఖ్యానం విన్నవాణ్ణే. మస్జిదె నబవీలో అబిసీనియా వాసులు ఈటెల విన్యాసాలు చేస్తుంటే, దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేంతవరకు ఆమెకు అడ్డుగా నిలబడ్డారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఆట చూడటం తప్పు కాదు. నమాజును మరపించేది, పందెం వైపు లాగేది తప్పు. అయితే ఆ రాత్రి నన్ను కలవరపెట్టింది ఆట కాదు. ఆటగాళ్లను చూసిన కళ్లే ఆ ఆడపిల్లలను చూసిన తీరు.

జూలై మొదటి వారంలో టీ20 ప్రపంచకప్ గెలిచిన మహమ్మద్ సిరాజ్‌కు మెహదీపట్నంలో ఘన స్వాగతం లభించింది. మా మక్తబ్ పిల్లల నోట కూడా అదే ముచ్చట. ఆయన తండ్రి ఆటో నడిపి కొడుకును పెంచారని, 2020లో సిరాజ్ ఆస్ట్రేలియా పర్యటనలో ఉండగా ఆ తండ్రి కన్నుమూశారని, అయినా ఆయన జట్టుతోనే ఉండి ఆడాడని ఎనిమిదేళ్ల పిల్లవాడు కూడా చెప్పగలడు. ఇది మంచిదే. ఒక పేద తండ్రి చెమటకు సమాజం ఇచ్చిన గౌరవమిది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బుర్ఖా ధరించిన ఒక స్త్రీ ఏడేళ్ల పాపను వెంటబెట్టుకొని సాయంకాలం మక్తబ్‌కు వచ్చింది. “హజ్రత్, మా పాపకు ఖురాన్ చదవడం నేర్పిస్తారా?” అని అడిగింది. తండ్రి ఏం చేస్తారని అడిగాను. “లేరు” అని మాత్రం అన్నది. అక్కడే కూర్చున్న కమిటీ పెద్ద ఒకరు ఆమె వెళ్లాక నా దగ్గరికి జరిగి, “ఆ వీడియోలో ఉన్నది ఈమే. మిగతా తల్లిదండ్రులకు తెలిస్తే పిల్లలను మాన్పిస్తారు” అన్నారు. ఆ వీడియో ఆయనకు ఎవరు పంపారని నేను అడగలేదు. ఎందుకు దాచుకున్నారనీ అడగలేదు. మరుసటి రోజు ఆమె వస్తే, “కమిటీతో మాట్లాడి వచ్చే వారం చెబుతానమ్మా” అన్నాను. ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి, సలాం చెప్పి, పాప చేయి పట్టుకొని వెళ్లిపోయింది. వచ్చే వారం రాలేదు. ఆమె చెప్పిన చిరునామాకు వెళ్తే గదికి తాళం ఉన్నది. ఖాళీ చేసి వెళ్లిపోయారని ఇరుగుపొరుగు చెప్పారు.

ఆమె నిజంగా ఆ వీడియోలోని అమ్మాయేనా? నాకు తెలియదు. కానీ తెలుసుకోవలసిన అవసరం నాకేమున్నది? ఒక తల్లి తన బిడ్డకు అల్లాహ్ వాక్కు నేర్పమన్నది. నేను గడువు అడిగాను.

ఈ సందర్భంలో నాకు మా నగరంలోని ‘మెహబూబ్ కీ మెహందీ’ జ్ఞాపకం వస్తున్నది. పాతబస్తీలోని ఆ వేశ్యావాటికను 1996లో ఖాళీ చేయించారు. అప్పట్లో మేము యువ విద్యార్థులం. అటువైపు వెళ్లవలసి వస్తే తల వంచుకొని వేగంగా దాటేవాళ్లం. దానినే భయభక్తులు అనుకున్నాం. ఆ ఇళ్లనుండి వెళ్లగొట్టిన స్త్రీలు ఏమయ్యారు, వారి పిల్లలు ఎక్కడ పడుకున్నారు అని మాలో ఎవరూ అడగలేదు. సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికటిల్ అడిగారు. అక్కడే ఖాళీ అయిన ఇంట్లో ఆ పిల్లల కోసం బడి తెరిచారు. ‘ప్రజ్వల’ సంస్థ అలా మొదలయ్యింది. వారు తల ఎత్తి చూసిన చోట మేము తల దించుకున్నాం.

మన భాషనే చూడండి. ఆ వృత్తిలో ఉన్న స్త్రీని దూషించడానికి ఎన్ని మాటలున్నాయో లెక్కలేదు. డబ్బిచ్చి కొనే మగవాడికి ‘విటుడు’ అనే ఒక్క మాట పత్రికల్లో కనబడుతుంది. అది కూడా తిట్టుగా ఎవరూ వాడరు. “మగవాడన్నాక తిరుగుతాడు” అని సర్దుకుంటాం. ఆటోడ్రైవరు ఇంటి పేదరికం మనకు కీర్తిగాథ అయ్యింది. ఈమె ఇంటి పేదరికం మాత్రం ఆమె నేరమయ్యింది.

దివ్య ఖురాన్ తీరు వేరు. వ్యభిచారం ఘోరపాపం, అందులో సందేహం లేదు. అయితే నూర్ సూరాలో చూపు దించుకోమన్న ఆజ్ఞ ముందుగా వచ్చింది పురుషులకే. మదీనాలో అబ్దుల్లాహ్ బిన్ ఉబై తన బానిస స్త్రీలను వ్యభిచారానికి పంపి సంపాదించేవాడు. అదే సూరా 33వ ఆయతు ఆ సంపాదనను నిషేధించింది. బలవంతానికి గురైన వారి విషయంలో అల్లాహ్ క్షమాశీలి, కరుణామయుడు అని చెప్పింది. అంటే లాభం తిన్నవాణ్ణి నిలదీసి, బాధితురాలికి అభయమిచ్చింది. శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి ఎనభై కొరడా దెబ్బలు విధించింది కూడా ఈ సూరాయే. ఒక వీడియోను నాలుగు గ్రూపులకు పంపిన వేలు ఈ ఆయతును ఎన్నిసార్లు పఠించి ఉంటుంది? దప్పికతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన ఒక వేశ్యను అల్లాహ్ క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపిన సంగతి మనం ప్రసంగాల్లో చెబుతూనే ఉంటాం. ప్రసంగం దిగి వచ్చాక మరచిపోతాం.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మనకంటే ముందున్నది. 1956 నాటి చట్టం వేశ్యాగృహం నడపడాన్ని, ఆ సంపాదనపై బతకడాన్ని నేరంగా చూస్తుంది. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో రెండు మాటలు నా గుండెకు తగిలాయి. పట్టుబడిన స్త్రీల గుర్తింపు, ఫొటోలు మీడియాలో బయటపడరాదన్నది మొదటిది. తల్లి ఆ వృత్తిలో ఉన్నదన్న ఒక్క కారణంతో బిడ్డను ఆమె నుండి వేరుచేయరాదన్నది రెండవది. న్యాయస్థానం తల్లీబిడ్డలను కలిపి ఉంచమన్నది. నేను ఆ ఇద్దరినీ కలిపే గుమ్మం నుండి తిప్పి పంపాను.

తర్వాత కమిటీ ముందు నా తప్పు ఒప్పుకున్నాను. చేరవచ్చిన పిల్లల తల్లిదండ్రుల వృత్తి అడగరాదని, అడిగితే నేను బోధన మానుకుంటానని చెప్పాను. కొంత వాదన జరిగింది. చివరకు అంగీకరించారు. ఆ పెద్దాయన ఒక సాయంత్రం వచ్చి, “హజ్రత్, వీడియో తుడిచేశాను” అని మెల్లగా చెప్పి వెళ్లారు.

సోదర సోదరీమణులారా! మీ పిల్లలు మ్యాచ్ చూస్తే చూడనివ్వండి. కానీ వారి ఫోనులోకి ఇటువంటి దృశ్యం వస్తే పక్కన కూర్చోబెట్టుకొని తుడిచివేయించండి. ఆ స్త్రీ కూడా ఒకరి కూతురని, ఆమెను కొన్నవాడు కూడా ఒకరి కొడుకని చెప్పండి. కొడుకులకు మరీ ముఖ్యంగా చెప్పండి. కోరికతో చూసే చూపు దించుకోవాలి. ఆపదలో ఉన్న మనిషిని చూడవలసిన చూపు ఎత్తుకోవాలి.

ఆ పాప ఇప్పుడు ఎక్కడ ఉన్నదో, అలిఫ్, బే ఎవరి దగ్గర నేర్చుకుంటున్నదో తెలియదు. ఎవరైనా నేర్పుతూ ఉంటే అల్లాహ్ వారికి పుణ్యఫలం ప్రసాదించుగాక! ఆలస్యం చేసిన నన్ను క్షమించుగాక! ఆమీన్.