మంట ఆపాక మిగిలిన వంట

నెల్లూరు చేపల పులుసు పొయ్యి మీద ఉండేది కొద్దిసేపే. ఉల్లిపాయలు వేగి, చింతపండు రసం మరిగి చిక్కబడేదాకా కొంత సమయం పడుతుంది. చేప ముక్కలు పడ్డాక మాత్రం పది నిమిషాలే. అంతకు మించితే ముక్క చెదురుతుంది. గరిటె పెట్టరు, దాకనే రెండు చేతులా పట్టుకుని గుండ్రంగా ఆడిస్తారు. పచ్చిమామిడి ముక్కలు, మెంతులూ జీలకర్రా వేయించి కొట్టిన పొడి వేసి దించేస్తారు. దించగానే వడ్డించమంటే మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదు. "ఉడికిందమ్మే, ఊరలా" అనేది. పొద్దున వండింది సాయంత్రానికి బాగుంటుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఉప్పూ పులుపూ ముక్క లోపలి దాకా మెల్లగా దిగుతాయి, మామిడి పులుపు రసంలోకి వస్తుంది, నూనె పైకి తేలుతుంది. ఇదంతా మంట ఆరిన తర్వాత జరిగే పని. దానికి పుల్ల ఖర్చు లేదు, గ్యాసు ఖర్చు లేదు.

మైపాడు నుంచి కోడూరు దాకా, అటు ఇసకపల్లి, జువ్వలదిన్నె దాకా మా కోస్తా వంటింటి పొదుపంతా ఈ ఒక్క విషయంలోనే ఉందని నా నమ్మకం. పొదుపు అనగానే తక్కువ తినడమో, రుచి వదులుకోవడమో అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. నిప్పు చేసే పనిలో కొంత భాగాన్ని కాలానికీ, ఎండకీ, ఉప్పుకీ, పులుపుకీ అప్పజెప్పడం ఆ వంటింటి పద్ధతి. రుచి అందులోంచే వస్తుంది. పొదుపు దాని వెంట వస్తుంది.

నిప్పు గురించి ఒక లెక్క చూడండి. లీటరు నీళ్ళు 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు మరగడానికి సుమారు 70 కిలోక్యాలరీల వేడి చాలు. ఆ మరిగిన లీటరూ ఆవిరైపోవాలంటే ఇంకో 540 కావాలి. గిన్నె కుతకుతలాడుతున్నప్పుడు కింద మంట పెద్దగా పెట్టినంత మాత్రాన లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటవు, అన్నం ముందుగా ఉడకదు. అదనంగా వేసిన మంటంతా ఆవిరై వంటింటి కప్పుకు కొట్టుకుంటుంది. అందుకే ఉడుకు పట్టగానే మంట సన్నం చేయాలి, మూత పెట్టాలి. గ్యాసు పొయ్యికి ఐఎస్ఐ ప్రమాణం అడిగే కనీస ఉష్ణ సామర్థ్యం 68 శాతం. కొత్త పొయ్యి, శుభ్రమైన బర్నరు ఉన్నా మూడో వంతు వేడి గిన్నెకు అందకుండానే పోవచ్చన్నమాట. మంట గిన్నె అంచు దాటి పైకి ఎగబాకితే, బర్నరు కన్నాలు పూడి మంట పసుపు రంగుకు తిరిగితే, ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. మా ఊళ్ళలో సముద్రపు గాలికి బర్నర్లు తొందరగా తుప్పు పడతాయి. వాటిని విప్పి, కడిగి, ఆరబెట్టడం నెలవారీ పనుల్లో ఒకటిగా పెట్టుకుంటే మంచిది.

ఈ లెక్క ఇప్పుడు మన రాష్ట్రంలో చాలామందికి నేరుగా పనికొస్తుంది. 1999లో దీపం పథకం మహిళా సంఘాల ఆడవాళ్ళ ఇళ్ళకు గ్యాసు తెచ్చింది. 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఒక్కో దాంట్లో 14.2 కిలోలు. అంటే నాలుగు నెలలకు ఒక సిలిండరు. ఆ నాలుగు నెలలూ దాన్ని లాగగలిగిన ఇంట్లో మరో సిలిండరు కొనే డబ్బు పిల్లల చదువుకో, వల బాగుచేయించడానికో మిగులుతుంది. లాగడం అసాధ్యమేమీ కాదు, కానీ రోజూ శ్రద్ధ కావాలి.

శ్రద్ధ అన్నం దగ్గర మొదలవ్వాలి, ఎందుకంటే ఎక్కువ మంట తినేది అదే. గంజి వార్చే అలవాటున్న ఇళ్ళలో ఎసరు ఎక్కువ పెడతారు, ఆ నీళ్ళన్నీ మరిగించి ఆఖర్న పారబోస్తారు. గంజిలో ఉప్పేసుకుని తాగే ఇల్లయితే, చీరలకు గంజి పెట్టే ఇల్లయితే ఆ వేడి వృథా కాలేదనవచ్చు. రెండూ లేనప్పుడు అత్తెసరు పెట్టడమే మేలు. బియ్యం అరగంట ముందే నానబెట్టి, సరిపడా నీళ్ళు పోసి, ఉడుకు పట్టాక సన్నటి మంట మీద మూత పెట్టి, నీళ్ళు ఇంకిపోయే ముందే ఆపేస్తే, మిగతా పని లోపలి ఆవిరి చేస్తుంది. నెల్లూరు మొలగొలుకులు గానీ, ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఇచ్చిన నెల్లూరు మసూరి గానీ, ఆరు నెలలు పాతబడ్డ బియ్యమైతే బాగా ఒదుగుతాయి, ముద్ద కావు. కొత్త బియ్యానికి నీళ్ళు తగ్గించాలి.

ఆపేశాక గిన్నెను వెచ్చగా దాచే ఉపాయం ఇంకొకటుంది. 1867లో పారిస్ ప్రదర్శనలో నార్వేవాళ్ళు ఒక పెట్టె చూపించారు. ఉడుకు పట్టిన గిన్నెను దాంట్లో పెట్టి మూసేస్తే, వేడి బయటికి పోక, వంట దానంతటదే పూర్తవుతుంది. తర్వాత యూరప్‌లో యుద్ధకాలపు ఇళ్ళు బొగ్గు మిగుల్చుకోవడానికి గడ్డి పరిచిన ఇలాంటి పెట్టెలనే వాడాయి. వరిగడ్డికి మనకు కొరత లేదు. ఒక అట్టపెట్టె అడుగునా పక్కలా జానెడు మందాన గడ్డి కుక్కి, ఉడుకుతున్న అన్నం గిన్నెను మూతతో సహా దాంట్లో దింపి, పైన పాత బొంత కప్పండి. ముప్పావుగంటలో విప్పితే మెతుకు ఉడికి ఉంటుంది. పెసరపప్పూ అలాగే అవుతుంది. గిన్నె నిండుగా ఉండాలి, మంట మీద కొన్ని నిమిషాలైనా గట్టిగా ఉడికి ఉండాలి. ఈ రెండూ తప్పితే పలుకు మిగులుతుంది. గడ్డి తడిస్తే మార్చేయాలి.

కందిపప్పు దగ్గర మాత్రం ఉపాయాలు చాలవు, ఎందుకంటే అక్కడ అడ్డం వచ్చేది నీళ్ళు. తీరపు పల్లెల్లో ఎవర్ని అడిగినా చెబుతారు, ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదని. అది వట్టి నమ్మకం కాదు. బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు పప్పు గింజలోని పెక్టిన్‌ను పట్టి బిగిస్తాయి, గింజ మెత్తబడదు. ఎన్ని కూతలు పెట్టినా పలుకు మిగులుతుంది, గ్యాసు తరుగుతుంది. అందుకే మా వైపు ఆడవాళ్ళు తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ళలోంచే పప్పుకు చెంబెడు తీసిపెడతారు. రాత్రే నానబెడతారు. ఉడికేదాకా చింతపండు వేయరు, ఎందుకంటే పులుపూ గింజను అలాగే బిగిస్తుంది. ఈ జాగ్రత్తలన్నీ పుస్తకం చదవకుండా పట్టుకున్నవి. 1990ల నుంచి రొయ్యల చెరువులు పెరిగిన చోట్ల చుట్టుపక్కల బావులు ఉప్పెక్కిపోయాయి. చెరువు వేసినవారి లెక్కల్లో ఈ నష్టం కనిపించదు. మంచినీళ్ళ బిందె కోసం ఆడవాళ్ళు నడిచే దూరం, ఉడకని పప్పు కింద కాలిన గ్యాసు ఎవరి పద్దులోనూ రాయరు. వంటింట్లో ఇంధనం ఆదా చేయమని ఆడవాళ్ళకు సలహా చెప్పే ముందు వాళ్ళ ఊరి నీళ్ళను తీపిగా ఉంచడం ప్రభుత్వం పని, రొయ్యలు పెంచేవాళ్ళ పని. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట.

పొగ గురించి కూడా చెప్పాలి. పాత పొయ్యిలను మెచ్చుకుంటూ పొగను మరిచిపోవడం అన్యాయం. ఈ ఇసక నేలల్లో సరుగుడు తోటలు ఒకప్పుడు ఎక్కువగా వంటచెరకుకే పనికొచ్చేవి. సరుగుడు కంప, రాలిన ఎండాకు, తాటిమట్ట, కొబ్బరిమట్ట ఏరుకొచ్చి మూడు రాళ్ళ మధ్య మండించి ఆడవాళ్ళు తరాల పాటు వండారు. ఆ పొగకు కళ్ళు, ఊపిరితిత్తులు పాడు చేసుకున్నదీ వాళ్ళే. ఈ బాధను ముందుగా చూసినవారిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలకు చెందిన ఎస్.పి. రాజు గారు ఒకరు. ఆయన మట్టితోనే కట్టే పొగ లేని పొయ్యిని రూపొందించారు. మంట మొదటి గిన్నె కింద వెలుగుతుంది. వేడి గాలి అక్కడి నుంచి రెండో కన్నం కిందికి, ఆ తర్వాత మూడో దాని కిందికి పోయి, చివరికి గొట్టంలోంచి ఇంటి బయటికి వెళ్ళిపోతుంది. ఒకే మంటకు అన్నం, పప్పు, వేణ్ణీళ్ళు. 1953లో ఆయన కోట్లాది ఇళ్ళకు పొగ లేని వంటిళ్ళు కావాలంటూ ఇంగ్లీషులో పుస్తకం కూడా రాశారు. పొయ్యి మీద శాస్త్రవేత్త మనసు పెట్టడం గొప్ప విషయమని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇవాళ గ్యాసు ఉన్న ఇంట్లోనూ ఆయన సూత్రం చెల్లుతుంది. ఉడుకుతున్న గిన్నె మీద మూతకు బదులు నీళ్ళ గిన్నె పెడితే, పోయే ఆవిరికే ఆ నీళ్ళు వేడెక్కుతాయి. పప్పులోకో పులుసులోకో అవి పోసుకుంటే ఉడుకు తెగదు.

ఎండకీ ఉప్పుకీ అప్పజెప్పిన పని వేట లేని రోజుల్లో కనిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రెండు నెలలకూ ఎండుచేపలే ఆధారం. నెత్తళ్ళు, సొర ముక్కలు, ఎండు రొయ్యలు ఉప్పు పట్టి ఎండకు ఎండి, ఫ్రిజ్ అక్కర్లేకుండా డబ్బాలో ఉంటాయి. ఇసక మీద కాక, కాస్త ఎత్తున వల పరిచి ఎండబెట్టినవి కొనుక్కోండి, పంటి కింద ఇసక రాదు. ఎండు నెత్తళ్ళను పొడి మూకుడులో రెండు నిమిషాలు వేయించి, వేణ్ణీళ్ళలో కడిగి, వంకాయతోనో మామిడికాయతోనో వండితే కూర అయ్యేటంత సేపట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చేప మంచు కూడా వదలదు. అదే కాలంలో మామిడికాయ కాపుకు రావడం ఈ తీరానికి దక్కిన అదృష్టం.

మట్టి దాక గురించి ఈ మధ్య చాలా గొప్పగా చెబుతున్నారు. నేను కొంతవరకే ఒప్పుకుంటాను. మట్టి వేడెక్కడానికి ఎక్కువ మంట తీసుకుంటుంది. అప్పటికప్పుడు తినే ఉప్మాకో చారుకో అది దండగ. ఎక్కిన వేడిని చాలాసేపు పట్టి ఉంచడంలో దాని గుణం ఉంది కాబట్టి, ఊరవలసిన పులుసుకు దాన్ని మించింది లేదు. ఎండాకాలంలో మర్నాటికి దాచిన పులుసును రాత్రి పడుకోబోయే ముందు ఒక్కసారి పొంగు రానిచ్చి మూయాలి. గరిటె ముంచకూడదు.

ఆ మర్నాటి పులుసుకు పుల్లట్లు తోడు. పుల్లటి మజ్జిగలో బియ్యం నానబెట్టి, రుబ్బి, రాత్రంతా వదిలేస్తే పిండి దానంతటదే పులుస్తుంది. పొద్దున ఉప్పు, జీలకర్ర, తరిగిన ఉల్లిపాయ కలిపి ఇనప పెనం మీద మందంగా పోసి మూత పెడతారు. పైన చిల్లులు పడి, ఒక వైపే కాలి, రెండో వైపు ఆవిరికి ఉడుకుతుంది. పెనం ఒకసారి వేడెక్కాక అందరి అట్లూ వరసగా పోసేయాలి, ఒక్కొక్కరు లేచినప్పుడల్లా మళ్ళీ వెలిగించకూడదు. పులుసులో చేప ముక్కలు రాత్రే అయిపోయి ఉంటాయి. అడుగున చిక్కటి గుజ్జూ, మెత్తబడ్డ మామిడి ముక్కలూ మిగులుతాయి. అట్టు తుంచి ముంచుకోవడానికి అది చాలు. ఆఖరి అట్టు పోసి గ్యాసు కట్టేస్తే, పెనంలో మిగిలిన వేడికే అది నిదానంగా, ఎర్రగా కాలుతుంది. మా ఇంట్లో ఆ అట్టు పోసినవాళ్ళదే.