అబద్ధాలాడిన ముల్లు

కారవాన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఏసీ, నిలువుటద్దం, మేకప్ కుర్చీ, లోపల మీ అభిమాన తార! నాకు మాత్రం డ్రైవరు సీటు ముందుండే డీజిల్ ముల్లు గుర్తొస్తుంది. ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టబోయింది మరి!

2021లో విడుదలైన 'పుష్ప' తీశారే, ఆ మారేడుమిల్లి అడవుల్లోనే ఇంకో సినిమా షూటింగు. కవరేజికి వెళ్లాను. రాత్రి సగం టాంకు చూపించిన ముల్లు తెల్లారేసరికి పావుకి దిగింది. బండి కదల్లేదు. ఏసీకి కరెంటు వేరే జనరేటరు బండి నుంచి వస్తుంది. "పాతిక లీటర్లు ఎవడు తాగాడయ్యా?" అంటూ ప్రొడక్షన్ మేనేజరు కేకలు. యూనిట్ అంతా 'బాబాయ్' అని పిలిచే డ్రైవరు తలవంచుకు నిలబడ్డాడు. "ఇరవై రెండేళ్ల సర్వీసు సార్... చుక్క ముట్టలేదు" అన్నాడంతే.

లెక్క తేల్చింది రంపచోడవరం నుంచి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియన్. ముందు బండిని చదునైన చోట నిలబెట్టించాడు. ఏటవాలుగా ఉంటే డీజిల్ ఒక పక్కకి చేరి ముల్లు తప్పు చెబుతుందట. తర్వాత డబ్బాలతో కొలిచి పోయించాడు. టాంకు 100 లీటర్లది. ముల్లు చెప్పిందే నిజమైతే 75 పట్టాలి కదా? 51 పోసేసరికి మూతి దాకా వచ్చేసింది! అంటే 49 లీటర్లు అందులోనే ఉన్నాయన్నమాట. మేనేజరు గారికి ఫోను మాట్లాడే పని పడింది.

మరి ముల్లుకేమొచ్చింది? టాంకులో ఒక బెండు తేలుతుంటుంది. దాని చేయి పైకీ కిందకీ కదిలితే కరెంటుకి అడ్డు మారుతుంది. ఈ రకం మీటర్లలో టాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. ఎలక్ట్రీషియన్ టాంకు దగ్గర వైరు ఊడదీసి బండి ఇనుముకి తాకించాడు. ముల్లు చివరి దాకా లేచింది. మీటరు, వైరు బాగున్నట్టే! ఇక మిగిలింది టాంకు వైపు ఎర్త్. బోల్టు కింద తుప్పు చూపించాడు. అదే లేనిపోని అడ్డు కలిపి, ఉన్నదాన్ని తక్కువ చేసి చూపిస్తోంది. కదిలినప్పుడల్లా అంటుకుంటూ, వదులుతూ ఉంటే ముల్లుకి నిలకడ ఎక్కడిది?

ఉప్పుకాగితంతో గీకి బిగించాడు. పది నిమిషాల పని.

"డీజిల్‌తో పాటు టెంపరేచరు ముల్లు కూడా తిక్కగా ఆడితే?" అనడిగాను. "అప్పుడు టాంకు జోలికి పోను సార్. డాష్‌బోర్డు ఎర్త్, ఫ్యూజు చూస్తా" అన్నాడు. నిజమే. ఒక నటుడు డైలాగు మరిచిపోతే అతని లోపం, అందరూ తడబడితే స్క్రిప్టు చూడాలి!

మర్నాడు బాబాయ్ కొత్త నోటుబుక్కు కొన్నాడు. పోసిన లీటర్లు, తిరిగిన కిలోమీటర్లు రాసి, కింద మేనేజరు చేత సంతకం పెట్టించుకున్నాకే బండి తీశాడు.