యెంకి మా వాకిట

కోనసీమలోని మా యింటికి రేడియో వచ్చిన తొలి దినములవి. విజయవాడ కేంద్రమునుండి శ్రీరంగం గోపాలరత్నము గారి గొంతున యెంకిపాట వినవచ్చినంతనే మా నాయనమ్మ చేతిలోని పని విడిచి అరుగుమీదికి వచ్చెడిది. దీపమార్పివేయుమని నాయుడుబావ యెంకిని బతిమాలు పాట వచ్చెనేని మీట త్రిప్పి ధ్వని తగ్గించెడిది. ఆపివేసెడిది మాత్రము కాదు. ఆ తగ్గించిన ధ్వనికి చెవి యొగ్గి ఆమె వినుట నేను పలుమారు చూచితిని.

ఆ పాటలను వ్రాసిన నండూరి సుబ్బారావుగారు (1895-1957) ఏలూరు చేరువనున్న వసంతవాడవారు. చెన్నపురిలో చదువుకొనునాడు వాని నారంభించిరి. 1925లో అవి పుస్తకముగా వెలువడెను. వందయేండ్లు గడచినను పాట పాతబడలేదు. బాణీ మెత్తనిదందురు, మాట తేలికయందురు. నిజమే. కాని మెత్తని బాణీలెన్ని మరుగునపడలేదు?

మా నాయనమ్మకు తొమ్మిదవయేట పెండ్లియైనది. భర్తతో పగటివేళ నలుగురియెదుట ఒక్క మాటాడి యెరుగదు. రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు భోగముమేళములను నిరసించి పోరాడిరి. అది చేయవలసిన పనియే. అయితే ఆ మేళముతోడనే వలపుపాటయు మర్యాదస్తుల యిండ్లనుండి వెడలినది. క్షేత్రయ్య పదములు విద్వాంసుల సొత్తాయెను. అందలి నాయికల పలుకులు గృహిణి నోట రాదగినవి కావనిరి. ఇక ఇల్లాలు తన మగనియందలి ప్రేమను పాడుకొనవలెనన్న సీతమ్మవారి పేరు చాటు చేసికొనవలసినదే! అట్టి కాలమున యెంకి వచ్చి తన బావను పేరుపెట్టకయే పిలిచి, అలిగి, నవ్వి, ఎదురు మాటాడెను. అందు సిగ్గు కలదు, భయము లేదు. మా నాయనమ్మ వినుచుండినది ఆ భయము లేమినే యని నా నమ్మకము.

పండితులకిది రుచింపలేదు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1928లో 'నేటికాలపు కవిత్వము'న వీనిని గట్టిగా ఖండించిరి. నాయిక పల్లెపడుచు, భాష పామరము! వారు తమ మనసులోని మాటను దాచక వ్రాసిరి. వారిపై నాకు కోపము లేదు. పాటను మెచ్చిన మావంటివారి సంగతియే నాకు గుచ్చుకొనుచుండును.

ఒకనాటి సాయంకాలము, నాట్లు వేసి వచ్చిన యొక కూలి స్త్రీ బురదకాళ్లతో మా వాకిట నిలిచియుండెను. కూలిడబ్బులకై వచ్చినది. లోపల రేడియోలో యెంకిపాట సాగుచున్నది. ఆమె కొంతసేపు విని, నోటికి కొంగు అడ్డము పెట్టుకొని నవ్వి, "ఇయ్యి మా మాటలేనండమ్మగారూ! ఆ పెట్టెలోకెలాగెక్కినాయండీ?" అనెను.

మా నాయనమ్మయు నవ్వినది. పాట ముగియువరకు డబ్బులీయక ఆమెను విననిచ్చినది. అరుగెక్కి కూర్చుండుమని మాత్రము అనలేదు. ఆ అరుగుమీదనే, రేడియో ప్రక్కన, నేను కూర్చుండియుంటిని. నాకప్పటికి పదునాలుగేండ్లు, నేనును అనలేదు.