డాక్టరుగారూ, ప్లేటు ఎక్కడ వేస్తారు?

మా అత్తయ్యకి పిత్తాశయంలో రాళ్లున్నాయనీ, ఆపరేషన్ చేసి తీసెయ్యక తప్పదనీ డాక్టరుగారు చెప్పిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో అందరూ ఆవిడ వయసు గురించీ, అయ్యే ఖర్చు గురించీ మాట్లాడుకుంటున్నారు. నా చెయ్యి మాత్రం మాటిమాటికీ నా కుడి తొడమీదికే పోతోంది. అక్కడ రూపాయి బిళ్లంత మచ్చ ఒకటుంది. దాని కథ చెబితేగానీ ఆ రాత్రి నా దిగులేమిటో మీకు అర్థం కాదు.

2013లో నాకు గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే మర్నాడు మత్తు పూర్తిగా దిగాక, పొట్టమీది కుట్ల నొప్పికన్నా తొడమీద మంట ఎక్కువగా ఉంది. దుప్పటి తొలగించి చూసుకుంటే చర్మం తెల్లగా పాలిపోయి, చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. సిస్టరుని అడిగితే "ప్లాస్టరు పడలేదమ్మా, ఎలర్జీ" అనేసి వెళ్లిపోయింది. డాక్టరుగారు వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను. కానీ ఆయన చుట్టూ నలుగురున్నారు. తొడ చూపించడానికి సిగ్గు. పైగా కడుపు కోసి బాగుచేసిన మనిషిని పట్టుకుని "ఇదేమిటండీ?" అని ఎలా అడగడం? ఊరుకున్నాను. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. కుట్లు అంతకు చాలా ముందే మానిపోయాయి.

మరుసటి సంక్రాంతికి మా అక్క కూతురు మా ఇంటికొచ్చింది. తను ఆపరేషన్ థియేటర్లో నర్సు. ఇద్దరం అరిసెలు వండుతూ కూర్చున్నప్పుడు మాటల్లో ఈ సంగతి చెప్పి మచ్చ చూపించాను. అది చూడగానే చేతిలో పిండి పక్కన పెట్టేసింది.

"పిన్నీ, ఇది ఎలర్జీలా లేదు. కాటరీ ప్లేటు సరిగా అంటుకోనప్పుడు ఇలాగే కాలుతుంది" అంది.

కాటరీ అన్నమాట నేను వినడం అదే మొదలు. ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని అది చెప్పిన సంగతులు చెబుతాను వినండి. ఆపరేషన్ అంటే మనకి కత్తే కళ్లముందు కనిపిస్తుంది. కానీ ఈ రోజుల్లో చాలా ఆపరేషన్లలో పైచర్మం కత్తితో కోసినా, లోపల పని చాలావరకు కరెంటుతో చేస్తారు. పెన్నులాంటి సాధనం కొసని ఆనిస్తే కండ తెగుతుంది, చిన్న చిన్న రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి. అందుకే రక్తం ఎక్కువగా పోదు. అమెరికాలో బోస్టన్ నగరంలో 1926 అక్టోబరు 1న హార్వే కుషింగ్ అనే పెద్ద సర్జను ఇలాంటి యంత్రంతో ఆపరేషన్ చేశాడు. అంతకు కొద్దిరోజుల ముందు రక్తం ఆగక మధ్యలో వదిలేసిన గడ్డని ఆ రోజు తీయగలిగాడు. ఆ యంత్రం తయారుచేసిన విలియం బోవీ వైద్యుడు కాడట, మొక్కల గురించి పరిశోధించి డాక్టరేటు తెచ్చుకున్నవాడట!

"కరెంటంటే షాకు కొట్టదుటే?" అన్నాను.

"మనింట్లో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది పిన్నీ. ఇది 3 లక్షల సార్లకి పైగా మారుతుంది. అంత వేగానికి నరాలూ, కండరాలూ స్పందించవు. షాకు ఉండదు. వేడి మాత్రం పుడుతుంది."

ఆ కరెంటు పెన్ను కొసనుంచి ఒంట్లోకి వచ్చాక మళ్లీ యంత్రానికి తిరిగిపోవాలి. అందుకోసం తొడకో, పిర్రకో జిగురున్న వెడల్పాటి ప్లేటు ఒకటి అంటిస్తారు. కొస సన్నం కాబట్టి అక్కడ కాలుతుంది. ప్లేటు వెడల్పు కాబట్టి అక్కడ వేడి తెలియదు. ఇది నాకు వంటింటి లెక్కలో చటుక్కున అర్థమైంది. అదే పొయ్యి, అదే మంట. పోపు గరిటెలో చెంచాడు నూనె అరనిమిషంలో పొగలొస్తుంది. గుండిగెడు నీళ్లు పెడితే గోరువెచ్చన కూడా కావు. ప్లేటు సగం ఊడిపోయినా, కింద వెంట్రుకలున్నా, చర్మం తడిగా ఉన్నా, ఎముక పొడుచుకొచ్చిన చోట వేసినా, గుండిగ కాస్తా పోపు గరిటె అయిపోతుందన్నమాట. నా తొడమీద జరిగింది అలాంటిదే అయివుండాలి. ఇప్పటి యంత్రాల్లో చాలావాటికి, రెండు భాగాలుగా ఉండే ప్లేటు వాడితే, అది సరిగా అంటుకోనప్పుడు కూతపెట్టి ఆగిపోయే ఏర్పాటుందట.

"మరి రోజూ వాడే డాక్టర్లకి ఇదంతా తెలియదా?" అని కాస్త కోపంగానే అడిగాను.

అప్పుడు అది చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే. అమెరికాలో సేజెస్ అనే సర్జన్ల సంఘం ఉంది. ఆ సంఘం పెద్దలకే ఈ యంత్రాల మీద పరీక్ష పెట్టి, వచ్చిన ఫలితాలని 2012లో ప్రచురించారు. పేషెంటు ఒంటిమీద మంట అంటుకుంటే ఏం చెయ్యాలో నూటికి 31 మందికి సరిగా తెలియలేదు. పసిపిల్లలకి ప్లేటు పెద్దదైతే కత్తిరించి వెయ్యచ్చన్నవాళ్లు కూడా కొందరున్నారు. కత్తిరిస్తే వెడల్పు తగ్గి, వేడి అంతా ఒక్కచోటే చేరుతుందని నాబోటిదానికి కూడా అప్పటికే తెలిసిపోయింది కదా! ఆ సంఘం వాళ్లు ఆ లోపాన్ని దాచుకోలేదు. ఫ్యూజ్ అనే పేరుతో ప్రత్యేకంగా శిక్షణా, పరీక్షా ఏర్పాటు చేశారు.

నా కోపం కొంత చల్లారింది. ఎందుకంటే నా సంగతి నాకు తెలుసు. ఇరవై ఏళ్లు కుక్కరు వాడాను. ఎన్ని కూతలకి ఏ పప్పు ఉడుకుతుందో నిద్రలో అడిగినా చెబుతాను. కానీ మూతమీద ఆ చిన్న సేఫ్టీ వాల్వు ఎందుకుందో, దాన్నెప్పుడు మార్చాలో, ఒకరోజు అది పేలి పప్పంతా కప్పుకి అంటుకున్నాకే తెలుసుకున్నాను. చేతికి పని రావడం వేరు, చేతిలో ఉన్న వస్తువు సంగతి తెలియడం వేరు.

ఇక మా అత్తయ్య దగ్గరికి వద్దాం. ఆవిడకి 2016లో గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. ఆ రాత్రి నా దిగులంతా అదే. వెంటనే మా అక్క కూతురికి ఫోను చేశాను. "కాటరీ వాడేటప్పుడు పుట్టే కరెంటుని చూసి, గుండె తనంతట తనే కొట్టుకుంటోందనుకుని పేస్‌మేకర్ ఊరుకోవచ్చు పిన్నీ. ముందే చెబితే జాగ్రత్తలున్నాయి. తప్పకుండా అడుగు" అంది.

సర్జనుగారు చిన్నవాడే, నలభై కూడా ఉండవు. కాగితాలన్నీ చూసి సంతకం పెట్టబోతుంటే గొంతు పెగుల్చుకుని అడిగాను. "డాక్టరుగారూ, మా అత్తయ్యకి పేస్‌మేకర్ ఉందండీ. కాటరీ ప్లేటు ఎక్కడ వేస్తారు?"

మావారు నా వంక గుడ్లురిమి చూశారు. డాక్టరుగారు పెన్ను కిందపెట్టారు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆయన కాగితాలు మళ్లీ మొదటినుంచీ తిరగేశారు. పేస్‌మేకర్ మాట వాటిల్లో ఎక్కడా లేదు! షుగరు, బీపీ అన్నీ రాశారు. అదొక్కటీ రాయలేదు. అడిగినప్పుడు మేమూ చెప్పలేదు, గుండె సంగతి గుండె డాక్టరుకి తెలుసుకదా అనుకున్నాం.

"మంచిపని చేశారమ్మా" అన్నారాయన. ఆపరేషన్‌కి ముందూ, తర్వాతా గుండె డాక్టరుచేత పేస్‌మేకర్ పరీక్ష చేయిస్తామన్నారు. ప్లేటు తొడకి వేస్తామనీ, అలా వేస్తే కరెంటు దారి గుండెకి దూరంగా ఉంటుందనీ, వీలైనచోట పట్టకారులా రెండు కొసల మధ్యనే కరెంటు నడిచే సాధనం వాడతామనీ వివరంగా చెప్పారు. నేను నా మచ్చ సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "మాకు దీనిమీద విడిగా క్లాసంటూ ఎవరూ చెప్పలేదమ్మా. సీనియర్లు చేస్తుంటే చూసి నేర్చుకున్నాం. చదువుకున్నది తర్వాత మా అంతట మేమే" అన్నారు. ఆ ఒక్కమాటతో ఆయనమీద నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఇంకో గొడవ. ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదన్నారు. గాజులు, ముక్కుపుడక తీశారు. మెట్టెలు సబ్బునీళ్లతో ఎలాగో వచ్చాయి. తాళి దగ్గరకొచ్చేసరికి అత్తయ్య ససేమిరా అన్నారు. చివరికి మామయ్యగారే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి ఆవిడ మెడలో వేసి, సూత్రాలు తన జేబులో పెట్టుకున్నారు. "నేనిక్కడే కూర్చుంటాగా, నీ సొమ్ము ఎక్కడికీ పోదులే" అన్నారు. అత్తయ్య నవ్వుతూ లోపలికి వెళ్లారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే ఈ నాలుగు ముక్కలూ గుర్తుంచుకోండి. పేస్‌మేకర్, ఎముకల్లో స్టీలు రాడ్లు, ప్లేట్లు ఏమున్నా, ఎన్నేళ్ల కిందటివైనా ముందే చెప్పండి, కాగితంలో రాశారో లేదో చూడండి. నగలు, తలపిన్నులు ఇంట్లోనే తీసేయండి. చర్మం తుడిచే స్పిరిటు మందు పూర్తిగా ఆరాకే కాటరీ వాడాలి, లేకపోతే మంట అంటుకోవచ్చు. ఇది వాళ్లు చూసుకోవలసిన పనే అయినా మనకీ తెలిసుండడం మంచిది. ఆపరేషన్ అయ్యాక తొడ, పిర్ర, వీపు ఒకసారి చూడండి. కాలినట్టుంటే సిగ్గుపడకుండా చూపించి, కేసు షీటులో రాయమనండి. పొట్టలో గొట్టాలు వేసి చేసే ఆపరేషన్లలో పేగుకి వేడి తగిలితే వెంటనే తెలియకపోవచ్చు. ఇంటికొచ్చాక కడుపునొప్పి తగ్గకపోగా పెరుగుతున్నా, జ్వరం, వాంతులు వచ్చినా, వాము కషాయంతో సరిపెట్టుకోకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్లండి.

ఆ సాయంత్రం అత్తయ్యకి చీర సర్దే వంకతో తొడ చూశాను. ప్లేటు అంటించినచోట చర్మం కొంచెం ఎర్రబడింది, అంతే. మర్నాటికి అదీ లేదు.

"ఏమిటే అలా వెతుకుతున్నావు?" అన్నారు అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా" అని దుప్పటి కప్పాను. నా కళ్లలో నీళ్లెందుకు తిరిగాయో ఆవిడకి ఆ రోజు చెప్పలేదు.